పద్నాలుగో గుంజ మీద పేరు

జులై 12, శనివారం

మధ్యాహ్నం మూడింటికి క్యాంపింగ్ పార్కు చేరాం. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి గేటు దాటాక బండిని కుడికి తిప్పాను. ఎడమకి వెళితే సరస్సు, పద్నాలుగో సైటు. కుడికి వెళితే స్నానాల గదులు, చెత్త డబ్బాలు, నలభై ఒకటి.

"ఎడమకి, మార్లిస్. దారి మర్చిపోయావా?" అన్నాడు మా ఆయన వెండెల్.

"ఈసారి మనది నలభై ఒకటి. పొద్దుట్నుంచి మూడుసార్లు చెప్పాను."

"పద్నాలుగు కదా మనది."

"ఈసారి కాదు."

తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే. ప్రతి జనవరిలోనూ బుకింగ్ తెరిచే రోజున మా స్నేహితుడు డ్వేన్ పొద్దున ఎనిమిదింటికల్లా కంప్యూటర్ ముందు కూర్చుని పద్నాలుగు మాకూ, పదిహేను తనకీ, భార్య లవోన్‌కీ పట్టేస్తాడు. మా ఇంట్లో ఇంటర్నెట్టు నత్తనడక కాబట్టి ఆ పని ఎప్పుడూ అతనిదే. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఒడ్డున ఒక్క సైటూ మిగలదు. ఈ ఏడు పదిహేను దొరికిందట, పద్నాలుగు నొక్కబోయేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయిందట, అది తేరుకునేలోగా ఎవరో ఎగరేసుకుపోయారట. తర్వాత వెతికి వెతికి మాకు నలభై ఒకటి పట్టాడు. అతను మాత్రం ఏం చేస్తాడు? దొరికిందే చాలన్నాను.

ట్రెయిలర్‌ని వెనక్కి నడిపి సైటులో పెట్టేవాళ్లని చూడడం ఈ పార్కులో సాయంత్రం సినిమాతో సమానం. నేను స్టీరింగ్ దగ్గర, వెండెల్ పక్క సీట్లో కనబడేసరికి నలుగురైదుగురు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. ఎప్పుడూ ఆయన నడిపేవాడు, నేను వెనక నిలబడి చేతులూపేదాన్ని. వాళ్లకి తెలియనిదేమిటంటే, ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపాను. ఒక్క దెబ్బకి పెట్టాను. ఒకాయన నిరాశగా కుర్చీ వెనక్కి తిప్పేసుకున్నాడు.

ఆయన కళ్లు త్వరగా అలిసిపోతున్నాయి. అందుకే నేను నడిపాను.

లవోన్ రూబార్బ్ బార్లు, పుల్లటి కాడలతో తను చేసే తీపి ముక్కలు, పళ్లెంలో పెట్టుకుని నడిచి వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివరకి, మోకాళ్ల నొప్పితో. నన్ను కావలించుకుంది.

"ఇంత దూరం నెట్టేశారేమే నిన్ను," అంది.

"పద్నాలుగులో ఎవరు దిగారు?"

"ఎవరో మొగుడూ పెళ్లాం. పెద్ద నల్ల కుక్క ఉంది. చూడ్డానికి మంచివాళ్లలాగే ఉన్నారు."

వెండెల్ ఆమె చెయ్యి పట్టుకుని, "లవోన్, చేపలు పడుతున్నాయా?" అని అడిగాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, పళ్లెం కింద పెట్టాలి కదా మరి.

జులై 13, ఆదివారం

పద్నాలుగులో తలుపు తీస్తే ఎదురుగా నీళ్లు. ఇరవై రెండడుగులు నడిస్తే చెక్క రేవు. మధ్యలో మలుపు లేదు, దారి తప్పే వీలే లేదు. ఇక్కడ ఏ వైపు తిరిగినా అన్నీ ఒక్కలాంటి తెల్ల ట్రెయిలర్లే. పొద్దున కాఫీ కాచి వెనక్కి చూసేసరికి ఆయన లేడు. పద్నాలుగులో ఉన్నాడు, ఆ కొత్తాయన కుర్చీలో, చేతిలో ఆ కొత్తాయన కాఫీతో.

ఈ రెండు వారాలైనా ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించకుండా వదిలేద్దామనుకున్నాను. తనంతట తాను లేచి, తనంతట తాను నీళ్ల దగ్గరికి వెళ్లి, మగాడిలా గాలం వేసుకుని కూర్చుంటాడని. అది తప్ప ఈ పార్కు నుంచి నాకింకేమీ అక్కర్లేదు.

జులై 14, సోమవారం

కొత్తవాళ్ల పేర్లు గ్యారీ, ట్రూడీ. ఆయన పాల ట్యాంకర్ నడిపేవాడట. మనిషి ఎడ్లబండంత ఉంటాడు, గొంతు మాత్రం పిల్లి గొంతు. ఆవిడ వేళ్ల నిండా ఉంగరాలు.

సాయంత్రం పదిహేనులో యూకర్ పేకాట ఆడాం. ఆడాం అంటే, వాళ్లు నలుగురూ ఆడారు. నేనూ వెండెల్ వెళ్లేసరికే ముక్కలు పంచేసి ఉన్నాయి. యూకర్‌కి నలుగురే కావాలి, ఎదురెదురు కూర్చున్నవాళ్లు జంట. పంతొమ్మిదేళ్లుగా డ్వేన్‌కి ఎదురు వెండెల్, లవోన్‌కి ఎదురు నేను.

"తర్వాతి ఆటలో మీరు కూర్చోండి," అంది లవోన్. మీరు అంటే ఎవరో చెప్పలేదు.

తర్వాతి ఆటలో గ్యారీ లేచి వెండెల్‌ని కూర్చోబెట్టాడు. డైమను తురుపు. వెండెల్ చేతిలో ఆఠీను జాకీ ఉంది. డైమను తురుపైతే ఆ రెండో ఎర్ర జాకీ కూడా తురుపేనని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయన దాన్ని మామూలు ఆఠీనులా వేశాడు.

"అది తురుపురా వెండెల్," అన్నాడు డ్వేన్.

"ఏది?"

"జాకీ."

"అవును, జాకీయే," అన్నాడు వెండెల్, నవ్వుతూ అందరి మొహాలూ చూశాడు.

డ్వేన్ ముక్కలు కింద పెట్టాడు. "ఇవాళ్టికి చాల్లే, దోమలు లేచాయి." దోమలు లేవు. అప్పుడు ట్రూడీ నాతో మంచిగా మాట్లాడబోయి, "ఏం పర్లేదండీ, చలికాలం వీళ్ల బేస్‌మెంట్‌లో నేను నేర్చుకున్నప్పుడు ఇంతకంటే ఘోరంగా ఆడేదాన్ని," అంది.

లవోన్ చిప్స్ సంచి కట్టడంలో మునిగిపోయింది. దానికి రెండు ముళ్లు వేసింది.

ఏ బేస్‌మెంటో ఏమిటో. మా ఊళ్లో అందరికీ బేస్‌మెంట్లే. వెండెల్ ప్రయాణం బడలికలో ఉన్నాడు, అందుకే జాకీ తప్పాడు.

జులై 15, మంగళవారం

ప్రతి సైటు ముందూ గుంజ ఉంటుంది. దానికి ఆఫీసువాళ్లు చీటీ తగిలిస్తారు, ఎవరి పేరున ఉంది, ఎప్పుడు బుక్ అయింది, ఎప్పుడు ఖాళీ చేయాలి. ట్రూడీ ఇన్నాళ్లూ పద్నాలుగో గుంజ మీద తువ్వాలు ఆరేసింది. ఇవాళ తువ్వాలు లేదు.

కళ్లజోడు తీసుకెళ్లలేదు. ఏదో పెద్ద డి అక్షరంలా ఉంది. డి తో ఎన్ని పేర్లు లేవు.

జులై 16, బుధవారం

ఉదయం నేను స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో వెండెల్ బయటికి వెళ్లాడు. అరగంట తర్వాత పార్కు ఆఫీసు పిల్ల కెల్సీ చిన్న బండిలో ఎక్కించుకుని తీసుకొచ్చింది. రోడ్డు దగ్గర నిలబడి ఉన్నాడట, గాలం భుజాన వేసుకుని, సరస్సు ఎక్కడికి పోయిందని వచ్చే పోయే కార్ల వాళ్లని అడుగుతున్నాడట.

"ఆయనకి ఏమైనా... అంటే మేం ఏమైనా తెలుసుకోవాలా అండీ?" అంది కెల్సీ.

"నడక అలవాటు. చెప్పకుండా వెళ్లాడు, అంతే."

"సరేనండీ. నా నంబరు ఇస్తాను, ఉంచుకోండి."

ఆ పిల్లకి ఇరవై మూడేళ్లుంటాయేమో. నా మొహం చూసి నంబరు కాగితం మీద రాసి బల్ల మీద పెట్టింది, చేతికిస్తే తీసుకోనని తెలిసినట్టు.

మధ్యాహ్నం ఆయన్ని నేనే పద్నాలుగుకి తీసుకెళ్లాను. గ్యారీ అప్పటికే రెండో కుర్చీ వేసి ఉంచాడు. మొదటిరోజు నుంచీ వేస్తున్నాడట. వెండెల్ కూర్చుని, ఇంటి యజమానిలా గ్యారీకి చూపించాడు, రేవు చివర ఎడమవైపు లోతెక్కువ, కలువల దగ్గర గాలం వేస్తే చిక్కుకుంటుంది, పొద్దున ఆరింటికి లూన్ పక్షి పిల్లల్ని వీపున ఎక్కించుకుని వస్తుంది. అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఒక్కటీ తప్పు లేదు.

"ఇక్కడికి చాలా ఏళ్లుగా వస్తున్నారా అండీ?" అన్నాడు గ్యారీ.

"ఈ సైటు మాదే. మీరు మాతో ఎన్నాళ్లుంటారు?" అన్నాడు వెండెల్.

గ్యారీ నావైపు చూశాడు. నేను సరస్సు వైపు చూశాను.

జులై 17, గురువారం

కళ్లజోడు పెట్టుకుని వెళ్లాను.

పద్నాలుగు. పేరు: డ్వేన్ స్కోగ్. బుక్ అయింది జనవరి 12, ఉదయం 8:01.

పదిహేను. పేరు: లవోన్ స్కోగ్. అదే రోజు, 8:01.

తిరిగొచ్చి మా నలభై ఒకటో గుంజ చూశాను. ఇన్నాళ్లూ మాదే కదా, చూసేదేముందని చూడలేదు. పేరు: డ్వేన్ స్కోగ్. ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2:40.

అదే రోజు, తర్వాత

ఇలా అయి ఉండొచ్చు. పద్నాలుగు నిజంగా దొరికింది, కానీ కంప్యూటర్ బిగుసుకుపోవడం వల్ల దొరికిన సంగతి డ్వేన్‌కి తెలియలేదు. నెల తర్వాత తెలిసింది. ఈలోగా మాకు నలభై ఒకటి తీశాడు. అప్పుడు ఖాళీగా ఉందని గ్యారీ వాళ్లకి ఇచ్చాడు.

అలా అయితే మాకే ఇచ్చి, నలభై ఒకటి గ్యారీ వాళ్లకి ఇవ్వొచ్చు కదా.

అదే రోజు, ఇంకా తర్వాత

బేస్‌మెంట్. చలికాలమంతా వాళ్ల బేస్‌మెంట్‌లో ఆడారు. నలుగురు. జనవరిలో నేను ఫోను చేసి, ఆడదామా అంటే లవోన్ ఏమంది? హీటరు పాడైంది, బేస్‌మెంటంతా మంచుగడ్డ అంది. ఫిబ్రవరిలో అడిగితే డ్వేన్ నడుము పట్టేసింది అంది. నేను చికెన్ సూప్ కాచి పట్టుకెళ్లాను. గుమ్మంలోనే తీసుకుంది. లోపల్నుంచి నవ్వులు వినిపిస్తే టీవీ అంది.

నవ్వుతూ గొంతు కోశారు.

జులై 18, శుక్రవారం

మధ్యాహ్నం పదిహేనుకి వెళ్లాను. వెండెల్ రేవు మీద గ్యారీ పక్కన ఉన్నాడు. డ్వేన్ గుడారపు పందిరి కింద గాలాల పెట్టె సర్దుకుంటున్నాడు. నన్ను చూడగానే, "ఆ చీటీలవీ ఆఫీసువాళ్లు తప్పుల తడకగా రాస్తారు మార్లిస్," అన్నాడు. నేను చీటీ మాటే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"నువ్వు గాలాలు సర్దుకో. లవోన్, నడుస్తావా?" అన్నాను.

సరస్సు చుట్టూ ఉన్న దారిలో పడవల రేవు దాకా నడిచాం. మోకాళ్ల నొప్పని ఆమె అక్కడున్న బల్ల మీద కూర్చుంది. నేను నిలబడ్డాను.

"అబద్ధం ఎందుకు చెప్పావే?"

"చెప్పకూడదనే అనుకున్నాను."

"అనుకుని చెప్పావా?"

"డ్వేన్ అన్నాడు, మార్లిస్‌కి ఫోను చేసి నిజం చెప్పేద్దాం అని. నేనే వద్దన్నాను."

"ఏమిటే ఆ నిజం? మా ఆయనకి జాకీ తురుపని తెలీదనా? నలుగురు సరిపోవాలని మనుషుల్ని మార్చేస్తారా? పెళ్లిలో నీ పక్కన నిలబడ్డదాన్ని. నీకు రొమ్ములో గడ్డ తీసినప్పుడు ఆసుపత్రిలో పదకొండు రోజులు కూర్చున్నదాన్ని."

"అవన్నీ ఎత్తకు."

"ఎత్తకపోతే ఎలా? నువ్వు మర్చిపోయినట్టున్నావు."

లవోన్ ఎడమ చేతి చొక్కా మడత పైకి లాగింది. అక్కడేమీ లేదు, ముడతలు తప్ప. "పోయినేడు ఇక్కడ నల్లగా కమిలి ఉంటే ఏమన్నావు, గుర్తుందా?"

"తలుపు తగిలిందన్నావు."

"మీ ఆయన," అంది లవోన్. "నువ్వు బట్టలు ఉతకడానికి వెళ్లావు. డ్వేన్ పడవలో ఉన్నాడు. నేను స్నానం చేసి బట్టలు మార్చుకుంటున్నాను. వెండెల్ లోపలికి వచ్చి తలుపు వేశాడు. నన్ను మార్లిస్ అన్నాడు. చొక్కా విప్పి మంచమ్మీద పడుకున్నాడు. వెండెల్, ఇది మీ ట్రెయిలర్ కాదు అంటే లేచి చెయ్యి పట్టుకున్నాడు. నా పెళ్లాన్ని ఎక్కడ పెట్టావు అని అరిచాడు. విడిపించుకోలేకపోయాను మార్లిస్. పాతికేళ్లు గొడ్డలి పట్టిన చెయ్యి అది. తర్వాత ఆయనే ఏడ్చాడు. నేను బొత్తాలు పెట్టి మీ సైటులో కూర్చోబెట్టాను. నువ్వు ఉతికిన బట్టలతో వచ్చి, ఎండ ఎక్కువగా ఉంది, ఈయన మొహం ఎర్రబడింది అన్నావు."

అన్నాను. గుర్తుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వెందుకు చెప్పలేదు? నవంబర్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాక నేనే అడిగాను కదే, ఏమన్నాడని. థైరాయిడ్ అన్నావు. నా కళ్లలోకి చూసి థైరాయిడ్ అన్నావు. నలభై ఏళ్ల స్నేహం. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ చేతిని రెండోసారి కూడా ఇచ్చేదాన్ని. నాకు తెలుసని నీకు తెలుసు. నీకు తెలుసని నాకు తెలుసు. పోయినేడు ఆ తర్వాత పది రోజులు నువ్వు కునుకు తీసేటప్పుడల్లా ఆయన్ని నేను కాపలా కాశాను. నాకూ ఒక సెలవు కావాలనిపించింది. ఒక్కటి, భయం లేకుండా."

"అయితే రావద్దని చెప్పాల్సింది."

"చెబితే వినేదానివా?"

"కంప్యూటర్ బిగుసుకుపోయిందని కథ అల్లి, నాకు రూబార్బ్ బార్లు పట్టుకొచ్చి, ఇంత దూరం నెట్టేశారేమే అని నా మీదే జాలిపడ్డావు. నెట్టింది నువ్వు. ఆ బార్లు నేను తిన్నాను లవోన్."

ఆమె ఏడుపు మొదలుపెట్టింది. నేనే లేపి చెయ్యి పట్టుకుని పదిహేను దాకా నడిపించాను, మోకాళ్ల నొప్పి కదా.

ఆమె చెయ్యి కమలడం తప్పు. ఆమె భయపడడం తప్పు కాదు. అవి రెండూ ఒప్పుకుంటాను. కానీ వెండెల్ ఇరవై రెండడుగులు తీసుకెళ్లి తన మనుషులకి ఇచ్చుకుంది. అది ఒప్పుకోను. రోడ్డు మీద నిలబడి సరస్సు ఎక్కడికి పోయిందని అడిగాడు మా ఆయన.

జులై 19, శనివారం

గ్యారీ వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మాకు తెలీదండీ. మీ సైటని మాకెవరూ చెప్పలేదు. డ్వేన్ చెప్పిందేమిటంటే, ఈ ఏడు పాత స్నేహితులు రావడం మానేశారు, ఖాళీ ఉంది అని."

"మానేశామా?"

"అలాగే అన్నాడండీ." మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "ఆఫీసులో అడిగొచ్చాను. పేరున్న మనిషి సంతకం పెడితే మార్చుకోవచ్చట. డ్వేన్ పెడతానన్నాడు. ఇంకా ఏడు రోజులు మిగిలి ఉన్నాయి. మధ్యాహ్నంలోగా మేం ఇటొస్తాం, మీరు అటెళ్లండి. మా కుక్కకి ఎక్కడైనా ఒకటే."

వెండెల్ లోపల్నుంచి విన్నాడో లేదో తెలియదు. గాలాల డబ్బా మూత తీస్తున్నాడు, వేస్తున్నాడు.

వద్దన్నాను.

"పంతం పట్టకండి," అన్నాడు గ్యారీ. "ఆయన కోసమైనా."

"మా సొంతం మాకు భిక్ష వేస్తే తీసుకుంటామా? డ్వేన్ సంతకంతో నాకేం అక్కర్లేదు."

"నేను డ్వేన్ గురించి మాట్లాడ్డం లేదండీ."

"తెలుసు. మీరు మంచివారు. వెళ్లండి."

వెళ్లాడు. పెద్ద మనిషి, వీపు చూస్తుంటే చిన్నవాడిలా కనిపించాడు. కూర్చుని అరకిలో బీన్స్ చివర్లు తుంచాను. ఎవరు తింటారని అన్ని తుంచానో తెలియదు.

జులై 20, ఆదివారం

వాన. ఆయన పొద్దుటి నుంచి పదిసార్లు తలుపు తీశాడు. తీసిన ప్రతిసారీ ఎదురుగా చెత్త డబ్బాలు. "నీళ్లు ఎక్కడ?" అంటాడు. "వానే కదా, అన్నీ నీళ్లే," అంటాను. మొదటిసారి నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

వెండెల్‌కి మతి పోయే జబ్బు. నవంబర్‌లో డాక్టర్ కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం బండి సొరుగులో, టైర్ల గాలి కొలిచే గొట్టం కింద ఉంది. మా అమ్మాయికి చెప్పలేదు. లవోన్‌కి చెప్పలేదు. ఇక్కడ కూడా రాయలేదు. రాస్తే నిజమైపోతుందని. రాయకపోయినా అయింది.

నిన్న ఒప్పుకోవాల్సింది. ఆయనకి ఏడు రోజులు దొరికేవి. నా పౌరుషం ఆయన ఏడు రోజుల్నీ తినేసింది. ఇప్పుడు వెళ్లి అడగడానికి నోరు రావడం లేదు. మింగలేను, కక్కలేను.

రేపు వెళ్లిపోదాం.

జులై 21, సోమవారం, ఇంటి దగ్గర

పదింటికి బయల్దేరాం. మురుగు ట్యాంకు ఖాళీ చేసి, చక్రాల కింది చెక్కలు తీసి, కొక్కెం తగిలించి, గొలుసులు బిగించి, దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసి, అన్నీ నేనే చేశాను. చివరి గొలుసు బిగిస్తుండగా డ్వేన్ వచ్చి అవతలి వైపు గొలుసు పట్టుకున్నాడు. వద్దనలేదు, థాంక్స్ చెప్పలేదు.

"జనవరిలో పద్నాలుగు నీకు తీస్తాను మార్లిస్. ఒట్టు," అన్నాడు.

"జనవరికి ఆయన ఎలా ఉంటాడో నాకే తెలీదు డ్వేన్."

అతను గొలుసు వైపే చూస్తూ ఉన్నాడు. పాపం మొహం నల్లబడింది. పాపం అని ఎందుకు రాశానో.

లవోన్ వెనకాలే వచ్చింది. నా వైపు రాలేదు, పక్క సీటు వైపు వెళ్లింది. వెండెల్ కిటికీ అద్దం దించి కూర్చుని ఉన్నాడు, బెల్టు పెట్టుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఆమె కిటికీ అంచు మీద చెయ్యి వేసింది. ఎడమ చెయ్యి.

"వెండెల్, జాగ్రత్తగా వెళ్లండి," అంది.

వెండెల్ ఆమె మొహం తీరిగ్గా చూశాడు. బడిలో కొత్త టీచర్ని చూసినట్టు మర్యాదగా చూశాడు.

"చాలా సంతోషమండీ. పార్కు శుభ్రంగా ఉంచారు. మీరు ఇక్కడ పనిచేస్తారా?"

లవోన్ కిటికీ దగ్గరికి ఇంకాస్త వంగింది. "వెండెల్, నేను, లవోన్‌ని," అంది.

"మిమ్మల్ని కలవడం సంతోషం, లవోన్ గారూ," అన్నాడు. చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. ఆయన ఒకసారి ఊపి వదిలేశాడు, అపరిచితుల చెయ్యి ఊపినంతే.

ఆమె రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చింది. చప్పుడు బయటికి రాకుండా, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. డ్వేన్ ఆమె భుజం పట్టుకోబోతే తోసేసింది.

నిజం రాయాలి, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను. నాకు సంతోషం కలిగింది. నలభై ఏళ్ల స్నేహితురాలు అలా ఏడుస్తుంటే నా గుండె మీద బరువు దిగినట్టైంది. అనుభవించు అనుకున్నాను. బండి కదిలించి, అద్దంలో ఆమె చిన్నదయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.

గేటు దాటి పెద్ద రోడ్డెక్కాం. రెండు వైపులా మొక్కజొన్న. రెండు మైళ్లు వెళ్లామో లేదో, వెండెల్ టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు.

"లవోన్ అంత ఏడ్చిందేం?" అన్నాడు.

స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. "నీకు ఆమె తెలుసా?"

"లవోన్ తెలీకపోవడమేమిటి?" నన్ను వింతగా చూశాడు. "మనం వచ్చేశాక పద్నాలుగులో ఎవరుంటారు?"

ఆయన కిటికీ దగ్గర నిజంగానే మర్చిపోయి, రెండు మైళ్లలో గుర్తు తెచ్చుకున్నాడా, లేక అన్నీ తెలిసే, నా తరఫున, ఆమెని అలా శిక్షించాడా? అడిగాను. అప్పటికి మొక్కజొన్న చేను చూస్తూ, ఈ ఏడు పంట బాగుందంటున్నాడు.

ఆ చేను పక్కన ట్రెయిలర్ తిప్పుకునేంత చోటు ఉంది. ఐదు నిమిషాల దారి. వెనక్కి వెళ్లి, లవోన్, నువ్వు గుర్తున్నావే, పేరుతో అడిగాడే అని చెప్పి రావచ్చు. ఆమె ఆ మాట కోసం జీవితాంతం ఎదురుచూస్తుందని నాకు తెలుసు. మళ్లీ గుర్తుంటుందన్న నమ్మకమూ లేదు.

"ఏడవనీ," అన్నాను. బండి ఆపలేదు.

ఇంటికొచ్చి మూడు గంటలైంది. ఆయన సోఫాలో నిద్రపోతున్నాడు. లవోన్ రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ఎత్తితే ఒక్క ముక్క చెప్పాలి, ఆయన నిన్ను మర్చిపోలేదని.

చెప్పను.